తొమ్మిదో అంశం: పసుపు మరకలు

నాకిప్పుడు ముప్పై మూడేళ్లు. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు కాదని తెలుసు. కానీ మోటారు షెడ్డు పని నుంచి నేను పూర్తిగా విరమించుకున్నాను. ప్రస్తుతం ఒక శిక్షణ సంస్థలో మోటారు మెకానిక్ తరగతికి పాఠాలు చెబుతున్నాను. మా వర్క్‌షాపు గోడకు ఒక తనిఖీ పట్టిక అంటించి ఉంటుంది. దాని మొదటి వరుస చదివి కొత్తగా చేరిన పిల్లలు ప్రతి ఏడూ నవ్వుతారు. నవ్వి, ఇదేమిటి సార్ అని అడుగుతారు. ఏటేటా చెప్పడం కంటే ఒకసారి రాసి ఇవ్వడం నయమనిపించింది. నాకు ఏదైనా రాసి పెట్టుకుంటేనే నమ్మకం. ఇందులో జరిగిన అనర్థానికి కూడా కారణం అదే.

మా షెడ్డు నరసన్నపేటలో, హైవే పక్కన ఉండేది. యజమాని మేస్త్రీ. అరవై దాటిన మనిషి. నడుస్తున్న లారీ ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగు పోయిందో చెప్పేసేవాడు. నేను మెకానికల్ ఇంజినీరింగు చదివి ఆయన దగ్గర చేరాను. ఎందుకు చేరావని బంధువులందరూ అడిగారు. అంతకుముందు ఒక కంపెనీ షోరూములో పది నెలలు చేశాను. అక్కడ కంప్యూటరు తీగ తగిలిస్తే తెర మీద తప్పు పేరు వచ్చేది, ఆ పేరున్న భాగాన్ని మార్చేసేవాళ్లం. ఇంజను లోపల ఎలా ఉంటుందో చూసే అవకాశం ఒక్కసారీ రాలేదు. మేస్త్రీ దగ్గర రోజుకు రెండు చూసేవాణ్ణి.

షెడ్డుకు నేను తెచ్చిన కొత్త పద్ధతి ఒక్కటే, లిస్టు. బండి రాగానే, ఒక్క నట్టు కూడా విప్పకముందే, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసేవాణ్ణి. సైజు తెలియడానికి ప్రతి ఫోటోలోనూ ఒక స్టీలు స్కేలు ఆనించి పెట్టేవాణ్ణి. ఆ తర్వాత చెయ్యవలసిన పనులన్నీ వరుస సంఖ్యలతో రాసి, ప్రింటు తీసి, గోడకు కొట్టేవాణ్ణి.

“నీ లిస్టు బండి కన్నా పొడుగున్నాది, ఇంజినీరు బాబూ. ముందు దాన్ని విప్పి బాగు సెయ్యి,” అనేవాడు మేస్త్రీ.

ఒక రోజు ఊళ్లో బట్టల కొట్టు సావుకారు గారు ఒక మినీ లారీ వెంట షెడ్డుకు వచ్చారు. లారీ మీద ఒక చిన్న కారుంది. ఎరుపో, గులాబీయో, తుప్పో తేల్చలేని రంగు. రెండే సీట్లు. పైన ఉండాల్సిన గుడ్డ టాపు పోయి, కమ్ములు మాత్రం పక్కటెముకల్లా మిగిలాయి. ఇటలీలో తయారైన బండి. ఇంజను వెనక ఉంటుంది, ముందు మూత తీస్తే స్పేరు చక్రమూ, ఒక పెట్టె పట్టేంత చోటూ కనిపిస్తాయి. ఎప్పుడో గరివిడి ఫ్యాక్టరీకి పని మీద వచ్చిన ఒక ఇంజినీరు దాన్ని తెచ్చుకుని, వెళ్లేటప్పుడు అమ్మేసి వెళ్లాడట. చేతులు మారి చివరికి ఒక డాక్టరు గారి షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉంది.

చిన్నప్పుడు సెలవులకి గరివిడిలో మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు సావుకారు గారు ఆ బండి వెనక పరిగెత్తేవారట. ఒకసారి దాని తలుపు మీద చెయ్యి వేస్తే క్వార్టర్ల కాపలావాడు కర్రతో ఆ చేతి మీద కొట్టాడట. ఏ చెయ్యో కూడా మాకు చూపించారు. దెబ్బ గుర్తు లేదు గానీ, ఆయన చూపించిన తీరుకి ఉన్నట్టే అనిపించింది.

వెంట ఆయన భార్య కూడా వచ్చారు. షెడ్డులో అందరం ఆవిణ్ణి అమ్మగారు అనేవాళ్లం. కొట్టు లెక్కలన్నీ చూసేది ఆవిడే. లారీ చుట్టూ ఒకసారి నడిచి, “ఎడమ బూటు బాగానే ఉంది. రెండోదేదీ?” అన్నారు.

“మంచి బండే, ఎక్కి చూస్తే నీకే తెలుస్తాది,” అన్నారు సావుకారు గారు.

“మనం ఇంట్లో ఐదుగురం. రెండు సీట్లు. మిగతా ముగ్గురం ఏటి, ఎనక తోసుకుంటూ రావాలా?”

ఆవిడ షరతు ఆ రోజే అందరి ముందూ చెప్పేశారు. బండికి రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో తీరిపోయింది. “ఆఫీసోళ్లు మళ్లీ కాగితం ఇస్తే అది బండి. ఇవ్వకపోతే ఇనుము. ఇనుమైతే మాత్రం నా గోడౌన్లో ఒక్క రోజు ఉండదు. చీరల బేళ్లు పెట్టుకోడానికి సోటు లేక సస్తన్నాను.”

సావుకారు గారు మేస్త్రీ వైపు చూశారు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను అప్పటికే ఫోటోలు తీయడం మొదలుపెట్టాను.

మేస్త్రీకి ఒక అలవాటుంది. ఏ బండికైనా పని మొదలుపెట్టే ముందు పూజ చేస్తాడు. అది అందరూ చేసేదే. కానీ ఈయన బొట్టు పెట్టేది ముందు అద్దానికో బానెట్‌కో కాదు. బండి ఒంటి మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరు ఎక్కడుందో వెతికి, దాన్ని పైకి చదివి, ఆ అంకెల మీద పసుపు రాసి, కుంకుమ పెడతాడు. బండి పేరు అదేనట. పేరు పెట్టి పిలవకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదట. ఆ రోజు కూడా బండి ముందు వైపు మూత ఎత్తి, తల లోపల పెట్టి ఏదో చదువుతున్నాడు. నేను వెనక ఇంజను మూత చాటున ఫోటోలు తీస్తూ, ఆయన ఎక్కడ వంగాడో చూడలేదు.

“ఇంజినీరు బాబూ, పేరు సదువుతన్నాను. రాసుకోవేటి?”

“ఆర్సీ పుస్తకంలో ఉంది మేస్త్రీ,” అన్నాను, తల ఎత్తకుండా.

తర్వాత ముందు వైపుకు వెళ్లి అక్కడా ఫోటోలు తీశాను. ఆ సాయంత్రానికి లిస్టు తయారైంది. మొత్తం నూట పన్నెండు అంశాలు.

ఆ తర్వాతి అయిదు నెలలు నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే సంతోషంగా గడిచాయి. పాత బండిని పాతగానే ఉంచాలని నేనూ, నడిచేలా ఉంచాలని మేస్త్రీ రోజూ వాదించుకునేవాళ్లం. ఇంజను వెనక ఉండటం వల్ల గాలి సరిగా తగలక, హైవే మీద రెండు కిలోమీటర్లకే మరిగిపోయేది. మేస్త్రీ ఒక వ్యాను తాలూకు కరెంటు ఫ్యాను తెచ్చి రేడియేటరుకి బిగించాడు. కార్బురేటరు అరిగిపోతే లేతు పని చేసేవాడి దగ్గర ఇత్తడి బుష్షులు చేయించాం. తీసేసిన ప్రతి అసలు భాగాన్నీ మేస్త్రీ పాత లుంగీ గుడ్డలో చుట్టి దాచేవాడు, నేను ఆ మూటకు సంఖ్య వేసేవాణ్ణి.

అన్నిటికంటే కష్టమైన మార్పు సావుకారు గారి కోసం చేసింది. ఆ బండి సన్నటి ఇటలీ యువకుల కోసం చేసింది. సావుకారు గారు సన్నటి మనిషి కాదు, యువకుడూ కాదు. మొదటిసారి కూర్చున్నప్పుడు లోపలికి వెళ్లగలిగారు గానీ బయటికి రాలేకపోయారు. మేమిద్దరం చెరో చెయ్యీ పట్టి లాగాం. మేస్త్రీ పురికొస తెచ్చి, దర్జీ కొలతలు తీసినట్టు ఆయన తొడ, మోకాలు, పొట్ట కొలిచాడు. సీటు కింద పట్టాలు కోసి రెండు అంగుళాలు దించాం. స్టీరింగు చక్రం చిన్నది వేశాం. ఇంకొక్క అంగుళం దొరకలేదు.

“ఆ అంగుళం బండిలో లేదు సావుకారు గారూ,” అన్నాడు మేస్త్రీ. “తవరే తగ్గించుకోవాల.”

ఆయన నిజంగానే రాత్రి అన్నం మానేసి చపాతీలు మొదలుపెట్టారు. “పాతికేళ్లు నేను సెప్తే ఇనలేదు. ఇనప డబ్బా సెప్తే ఇన్నారు,” అన్నారు అమ్మగారు.

బస్సు హారను పెట్టమని ఆయన మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ కుదరదని కారణాలతో సహా రాసి ఇచ్చాను.

చివరి పని రంగు. దానికి ఒక పెయింటర్ని పిలిచాం. పనిమంతుడే గానీ తనకు తోచింది చేస్తాడని పేరుంది. అందుకని అతనికి లిస్టు చేతికిచ్చి, “ఇందులో రాసినదంతా చెయ్యాలి. రాయనిది ఒక్కటీ చెయ్యకూడదు,” అని చెప్పాను. అలా చెప్పినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. రంగు పూర్తయిన రోజు ఆ ఎరుపు చూసి హైవే మీద లారీలు ఆగాయి. రేకు మీద చెయ్యి వేస్తే జారిపోతోంది.

తనిఖీ శ్రీకాకుళంలోని ఆఫీసులో. మా వైపు మోటారు వాహనాల అధికారిని ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టరు అనే అంటారు. ఆయన ఇచ్చిన తేదీనే మేస్త్రీ తండ్రి తద్దినం వచ్చింది. ఆయన శ్రీకూర్మం వెళ్లాలి. “పోనీ తేదీ మార్పిద్దామేటి?” అన్నాడు. నేను లిస్టు చూపించాను. నూట పదకొండు అంశాలకు టిక్కులు పడ్డాయి. “మీరు రానక్కర్లేదు మేస్త్రీ, ఒక్క ఆఫీసు పనే మిగిలింది,” అన్నాను.

ఆ మిగిలిన నూట పన్నెండో అంశం ఇది. ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీద పడతాయి. ఆ అచ్చును దరఖాస్తుకు అంటించాలి. ఆఫీసు పనులన్నీ చివర పెట్టడం నా పద్ధతి.

బండిని లారీ మీద తెచ్చి ఆఫీసు ఆవరణలో దించాం. సావుకారు గారు తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. అమ్మగారు ఒక పెద్ద సంచితో వచ్చి, వేప చెట్టు నీడలో కుర్చీ వేయించుకున్నారు. రంగు ఎక్కడైనా గీసుకుంటే సరిచేయడానికని పెయింటరు కూడా వచ్చాడు. ఇన్‌స్పెక్టరు గారు బండి చుట్టూ తిరిగి, లైట్లు చూసి, బ్రేకు తొక్కించి, మొదటిసారి కొద్దిగా నవ్వారు.

“చాలా బాగుంది. నంబరు అచ్చు ఏదండీ?”

“ఇప్పుడే తీస్తానండీ,” అని పెన్సిలు, కాగితం పట్టుకుని వెళ్లాను. ఈ తరహా బండ్లకు నంబరు వెనక, ఇంజను గది గోడ మీద ఉంటుందని ఇంటర్నెట్టులో దొరికిన పుస్తకంలో చదివాను. అక్కడ వెతికాను. ఎర్రగా, నున్నగా, నా మొహం కనిపిస్తోంది. నంబరు లేదు. ముందుకెళ్లి మూత ఎత్తాను. అక్కడా నా మొహమే. తలుపులు, సీట్ల కింద, అడుగున పడుకుని చూశాను. బండి మొత్తం మీద ఒక్క అంకె లేదు.

ఇన్‌స్పెక్టరు గారు గడియారం చూసుకున్నారు. “బండి బాగుందండీ. కానీ ఇది ఏ బండి?”

“ఆర్సీలో నంబరుంది కదండీ,” అన్నారు సావుకారు గారు.

“ఆర్సీలో ఉన్న బండి ఇదేనని బండి చెప్పాలి. ఆర్సీ చెప్తే చాలదు. నేను భోజనం చేసి వస్తాను. అప్పటికి నంబరు కనపడకపోతే తిరస్కరించినట్టు రాసెయ్యాలి.” ఆయన కోపంగా చెప్పలేదు. అందుకే మాకు ఇంకా భయం వేసింది.

నేను పెయింటరు వైపు తిరిగాను. “నంబరు ఏం చేశావు?”

“నంబరేటి బాబూ?”

“రేకు మీద చెక్కిన అంకెలు!”

అతను ఆలోచించి, జేబులోంచి నా లిస్టు తీశాడు. నాలుగు మడతలు విప్పి, వేలు పెట్టి చూపించాడు. అరవై ఒకటో అంశం: లోపలి రేకుల మీద గుంతలు, గీతలు అన్నీ పూడ్చి నున్నగా చేయాలి. “గీతలున్నాయని లప్పం పెట్టీసినాను. మీరే రాసినారు గదా. టిక్కు కూడా ఎట్టినాను.”

“ఎక్కడ పెట్టావు?”

“గీతలు ఒక సోటేటి బాబూ, బండంతా గీతలే. ఎక్కడని గురుతుంటాది?”

సావుకారు గారు నెమ్మదిగా బండి మడ్‌గార్డు మీద చెయ్యి వేశారు. కాపలావాడు కొట్టిన ఆ చెయ్యే. “ఇంజినీరు గారూ, ఇప్పుడు ఏటి సేద్దాం?” అన్నారు.

పుస్తకాన్నే నమ్మి, వెనక ఇంజను గోడ మీద థిన్నరు పోసి బ్లేడుతో గీకించాను. అరచేతి మేర రంగు పోయింది. కింద ఉత్త ఇనుము. తలుపు పక్క స్తంభం గీకించాను. ఉత్త ఇనుము. బ్లేడు కదిలినప్పుడల్లా సావుకారు గారు తన ఒంటి మీద గీస్తున్నట్టు మొహం తిప్పుకుంటున్నారు.

“అందరూ బిడ్డకి పేరు పెడతారు,” అన్నారు అమ్మగారు కుర్చీలోంచి. “మీరు ఉన్న పేరు సెరిపేసినారు.”

అప్పుడు పెయింటరు నా చెవి దగ్గరికి వచ్చాడు. “బాబూ, బండి మీద గుద్దే అంకెల పంచ్‌లు నా సంచిలో ఉన్నాయి. ఆర్సీ సూసి కొత్తగా గుద్దీద్దుమా? పైన తుప్పు నుసి రాసీస్తే పాతదానిలాగే ఉంటాది. ఎవుడికి తెలుస్తాది?”

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకోసం ఇది రాస్తున్నాను కాబట్టి దాచను. నేను అర నిమిషం ఆలోచించాను. ఏ సైజు అంకెలు కావాలో కూడా ఆలోచించాను. దొంగ బండ్లకు చేసే పని అది. తప్పు నాదని ఒప్పుకోవడం కంటే ఆ పనే తేలికగా కనిపించింది. సావుకారు గారు మా ఇద్దరినీ చూస్తూ, “మీరు ఏది మంచిదంటే అదే,” అన్నారు. ఆ మాట విన్నాక పంచ్‌లు వద్దని పెయింటరుకి సైగ చేశాను. ఫోన్ తీసి మేస్త్రీకి చేశాను.

నాలుగోసారికి ఎత్తాడు. వెనక మంత్రాలు వినిపిస్తున్నాయి. జరిగింది చెప్పాను.

“నంబరు మీద లప్పం ఎట్టించినావేటి?”

“అవును మేస్త్రీ. తప్పు నాదే. ఎక్కడుందో మీకు గుర్తుందా?”

“ఎక్కడని సెప్పమంటావురా, ఈ ఏడు ఎన్ని బండ్లు సూసినాను! ఒక్కో బండికి ఒక్కో తావున ఉంటాది. బొట్టెట్టిన కాడే ఉంటాది, సూసుకో.”

“బొట్టు ఇప్పుడు లేదు కదా!”

“ఎవుడు తుడిసినాడు?”

ఫోన్ అలాగే పట్టుకుని పెయింటరు చేతిలోంచి లిస్టు లాక్కున్నాను. అరవై ఒకటి దాకా వెళ్లక్కర్లేకపోయింది. మొదటి పేజీలోనే, నా అక్షరాల్లో, తొమ్మిదో అంశం: ముందు మూత కింద రేకు మీద పసుపు మరకలు తొలగించాలి. ఫోటో ఇరవై ఏడు చూడుము.

“సూసినావా?” అన్నాడు పెయింటరు. “అదీ సేసినాను. ముందు పసుపు తుడిసినాను, తరవాత లప్పం ఎట్టినాను. వరస తప్పలేదు.”

ఫోన్‌లో ఇరవై ఏడో ఫోటో తెరిచాను. స్పేరు చక్రం బోల్టు పక్కన, తుప్పు రేకు మీద, అరచేతిలో సగమంత పసుపు ముద్ద. నడుమ కుంకుమ. దాని పక్కన నా స్టీలు స్కేలు నిటారుగా నిలబడి ఉంది. అయిదు నెలల క్రితం నేను దేవుడి బొట్టును మరక అని రాసుకుని, దాని కొలత మాత్రం జాగ్రత్తగా తీసుకున్నాను. బోల్టు నుంచి కుడికి పదకొండు సెంటీమీటర్లు, పైకి నాలుగు.

ఆ చోట పెన్సిలుతో గీత గీసి ఇచ్చాను. పెయింటరు థిన్నరు గుడ్డ అద్ది, బ్లేడు పెట్టాడు. ఎర్ర రంగు లేచింది. దాని కింద లప్పం పెచ్చులుగా ఊడింది. ఇనుములో ఒక వంపు కనిపించింది.

“ఆరు!” అని అరిచాను.

సావుకారు గారు ఇటు చూడలేకపోతున్నారు. అమ్మగారు కుర్చీలోంచి లేచి, ఆర్సీ పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకున్నారు. కొట్లో వచ్చిన సరుకు సరిచూసుకున్నట్టు ఒక్కో అంకే చదవడం మొదలుపెట్టారు.

“ఆరు... ఉంది. సున్నా... ఉంది. నాలుగు... ఉంది. బేగి గీకు బాబూ. ఒకటి... ఉంది. ఏడు... ఉంది.” ఆఖరి అంకె దగ్గర ఆగారు. “ఇక్కడ ఎనిమిది ఉండాలి. ఇది మూడులాగుంది.”

అమ్మగారు జడలోంచి ఒక పిన్ను తీసి ఇచ్చారు. పెయింటరు ఆ మూడు అంచున పొడిచాడు. బియ్యపు గింజంత లప్పం ఊడి కింద పడింది.

“ఎనిమిది,” అన్నారు ఆవిడ. పుస్తకం మూసి భర్త చేతికిచ్చారు. “మీ బండే.”

ఇన్‌స్పెక్టరు గారు భోజనం చేసి వచ్చి, పెన్సిలు తానే తీసుకుని అచ్చు తీశారు. వెలుతురుకి పెట్టి చూశారు. బండి మీద రంగు పోయిన మూడు చోట్లూ చూశారు. “ఇక్కడ యుద్ధం ఏమైనా జరిగిందా?” అన్నారు. ఆయన సంతకం పెట్టారు.

వెనకా, తలుపు పక్కా గీకిన చోట్లకు పెయింటరు రంగు డబ్బా తీశాడు. ముందు మూత కింద కూడా వెయ్యబోతే అమ్మగారు, “అది ఒగ్గీ, అలాగే ఉండనీ,” అన్నారు. తన పెద్ద సంచి తెరిచారు. అందులో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొబ్బరికాయ, కర్పూరం. ఇవన్నీ పొద్దున్నే ఇంటి నుంచి తెచ్చారు.

“ఇనుముకి ఇచ్చేస్తానన్నావు గదా?” అన్నారు సావుకారు గారు.

“ఇనుముకి ఇచ్చినా బొట్టు పెట్టకుండా పంపుతామేటి?” అని, మూత కిందకి వంగి, ఆ అంకెల మీద పసుపు రాశారు.

తర్వాత ఆవిడ రెండో సీట్లో కూర్చున్నారు. సావుకారు గారు ఊపిరి బిగబట్టి, ఆ లేని అంగుళాన్ని ఎలాగో సంపాదించి, స్టీరింగు వెనక ఇరుక్కున్నారు. నేనూ పెయింటరూ లారీ వెనక ఎక్కి వచ్చాం. దారి పొడుగునా అతను నాతో ఒక్క మాటే అన్నాడు. “బాబూ, తిట్టినారు గానీ, లిస్టు ప్రకారం నాది తప్పు లేదు.” నిజమే, లేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చి ముందు మూత ఎత్తి చూశాడు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. చాలా సేపు చూశాడు.

“రెండంగుళాలు ఎక్కువ గీకినావు,” అని మూత వేసేశాడు.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. ఆ బండి ఇప్పటికీ నరసన్నపేట వీధుల్లో తిరుగుతూనే ఉంది. ఇక మా గోడ మీది పట్టిక సంగతి. మొదటి వరుసలో ఇలా ఉంటుంది: నంబరు వెతికి, పైకి చదివి, పసుపు బొట్టు పెట్టవలెను. పైనుంచి తనిఖీకి వచ్చే అధికారులు అప్పుడప్పుడూ దాని మీద వేలు పెట్టి, సాంకేతిక విద్యలో ఇదేమిటని అడుగుతారు. నేను ఇరవై ఏడో ఫోటో తీసి చూపిస్తాను.